కిరణాన్ని కొలవడం నేర్పిన స్వామి

అణువిద్య చదివినవారు బాంబులే చేస్తారని పల్లెల్లో ఒక అపోహ ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆ విద్యకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద జీవితం వేరే సంగతి చెబుతుంది.

ఆయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. 1896 డిసెంబరు 5న భీమవరం సమీపంలోని గొరగనమూడిలో జన్మించారు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. తన గ్రంథం అచ్చు వేయించేందుకు 1927లో జర్మనీ వెళ్లగా, అక్కడ భౌతికశాస్త్రం ఆయనను ఆకర్షించింది. సన్యాసి మళ్లీ విద్యార్థి అయ్యారు. ప్రాగ్ నగరంలో ఎక్స్‌ కిరణాలపై పరిశోధించి 1936లో డాక్టరేటు పొందారు. తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, న్యూట్రాన్‌ను కనుగొన్న చాడ్విక్ వద్ద పనిచేశారు. అమెరికాలోనూ పరిశోధించి స్వదేశానికి తిరిగివచ్చారు. విశాఖపట్నంలో అణుభౌతిక శాఖను నిర్మించి, 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు.

కంటికి కనిపించని కిరణాన్ని పరికరంతో లెక్కగట్టడమే ఈ చదువుకు ప్రాణం. ఇది చదివినవారు కేన్సరు రోగికి ఇవ్వవలసిన కిరణాల మోతాదు నిర్ణయిస్తారు. రాతిలో, బావినీటిలో యురేనియం ఎంత ఉన్నదో తేలుస్తారు.

నల్లగొండ జిల్లా లంబాపురం, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం నిల్వలున్నట్లు తేలింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా అమ్రాబాద్ అడవుల్లో యురేనియం అన్వేషణను 2019లో ప్రజలు ప్రతిఘటించారు. తవ్వకాలు వద్దని ఆ ఏడే శాసనసభ తీర్మానించింది. ఫ్లోరైడు సంగతి ఎముకలు వంగాకగాని తెలియని ప్రాంతమిది. నీరు మంచిదో కాదో ముందుగానే కొలిచి చెప్పగల బిడ్డలు ఈ పల్లెల నుంచే రావాలి.