కొండ మీద ఇల్లు

మా కాగజ్‌నగర్‌లో ఎత్తు అంటే పేపర్ మిల్లు చిమ్నీయే. అందుకే హైదరాబాద్‌లో హైరైజ్ టవర్ల మీద గొడవలు చదివినప్పుడల్లా నాకు సర్ వికారుల్ ఉమ్రా గుర్తొస్తారు. ఎందుకంటే సిటీ అంతా కనిపించేలా సొంతిల్లు కట్టుకున్న మనిషి ఆయన.

పైగా వంశపు నవాబు, ఆరో నిజాం సోదరిని పెళ్లాడారు. 1884లో చార్మినార్‌కు ఐదు కిలోమీటర్ల దూరంలో, కొండ మీద ఫలక్‌నుమా మొదలుపెట్టారు. అంతస్తులు తక్కువే, కానీ కొండ ఎత్తు కలిసొచ్చింది. ఇటాలియన్ మార్బుల్, 101 మంది ఒకేసారి తినే డైనింగ్ టేబుల్! (మా హాస్టల్ మెస్ గుర్తుచేయకండి.) దాదాపు పదేళ్లు పట్టింది. తర్వాత దివాన్ అయ్యారు, అంటే రాజ్యానికి ప్రధానమంత్రి. అయినా ఇంటి అప్పులు మాత్రం తీరలేదు. చివరికి ప్యాలెస్ నిజాం చేతికి పోయింది.

1902లో ఆయన చనిపోయేనాటికి కొండ మీది ఇల్లు ఆయనది కాదు. 1911లో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కన్నుమూసింది మాత్రం అక్కడే.