పంతులమ్మకు చదువు చెప్పించిన దుర్గాబాయమ్మ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు వినని తెలుగు విద్యార్థి ఉండడు. కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే గుమ్మం దగ్గర ఆపిన బాలిక అని, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ధీరవనిత అని, ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలని మనమంతా వ్యాసరచన పోటీల కోసం బట్టీ పట్టినవాళ్లమే. అయితే మిత్రులారా, మన వసతి గృహంలో చాలామంది మొదట పలక పట్టింది అంగన్‌వాడీలో. ఆ అంగన్‌వాడీ టీచరమ్మకూ దుర్గాబాయమ్మకూ ఉన్న సంబంధం గురించి మాకు ఎవరూ చెప్పలేదు. ఈ సంచిక కోసం ఆమె జీవితం చదువుతుంటే మమ్మల్ని ఆపింది ఆ సంగతే. అందుకని మిగతావి త్వరగా చెప్పి దాని దగ్గర కాసేపు నిలబడతాం.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది కాకినాడలో. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దని చెప్పి బయటికి వచ్చేశారు. ఇంట్లోవాళ్లు ఆమె పక్షాన నిలిచారు. ఇప్పుడు రాయడానికి ఇవి రెండు వాక్యాలే గానీ, నూరేళ్ల కిందట ఒక ఆడపిల్ల ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో మా ఊళ్లలో ఈనాటికీ జరుగుతున్న పెళ్లిళ్లు చూస్తే తెలుస్తుంది. ఇంగ్లీషు చదువు మీద అలిగి చిన్నతనంలోనే బడి మానేశారు. తాను నేర్చుకున్న హిందీని కాకినాడ ఆడవాళ్లకు నేర్పడానికి ఒక పాఠశాల పెట్టారు. 1930 నుంచి కొన్నేళ్లు జైళ్లలోనే గడిచాయి. మధుర జైల్లో ఒంటరి గదిలో కూడా ఉంచారు.

జైలు జీవితం ముగిసేసరికి ఆమెకు ఇరవై నాలుగేళ్లు. చేతిలో మెట్రిక్ కూడా లేదు. ఆ వయసులో కూర్చుని, ఒకప్పుడు కాదనుకున్న ఇంగ్లీషును నేర్చుకుని, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్ష ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆ తరువాత బి.ఏ. కోసం వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు గనుక చేర్చుకోవడం కష్టమన్నారు. అప్పుడు ఆమె చేసిన పని హాస్టల్ పిల్లలమైన మనం ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. చదవాలని ఉండి వసతి లేక ఆగిపోయిన అమ్మాయిలు రాయవలసిందిగా పత్రికలో ప్రకటన ఇచ్చారు. సుమారు పదిమంది ముందుకొచ్చారు. వాళ్లంతా కలిసి ఒక ఇల్లు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. ఇక విశ్వవిద్యాలయం చెప్పడానికి కారణం లేకపోయింది! 1939లో పట్టా వచ్చింది. తరువాత మద్రాసులో లా చదివి న్యాయవాది అయ్యారు.

ఈలోగానే 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, మధ్యలో బడి మానినవాళ్లు అక్కడికి వచ్చేవారు. వాళ్లను మళ్లీ ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టలేరు. అందుకని తాను చదివిన దారినే వాళ్లకూ చూపించి, తక్కువ కాలంలో పాఠాలు పూర్తిచేయించి బెనారస్ మెట్రిక్‌కు పంపేవారు. ఈ చిన్న ఏర్పాటే తరువాత దేశమంతటి పథకమైంది.

1946లో రాజ్యాంగ సభకు వెళ్లారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయాక నెహ్రూ గారు ఆమెను ప్రణాళికా సంఘంలోకి తీసుకున్నారు. మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సాయం కోసం 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ డబ్బు పంచడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి దుర్గాబాయే మొదటి అధ్యక్షురాలు. అదే ఏడాది జనవరిలో ఆర్థిక మంత్రి సి.డి. దేశ్‌ముఖ్ గారితో ఆమె వివాహం జరిగింది. భర్త ఆర్థిక మంత్రి అయితే గ్రాంటుకేం కొదవ అని మాలో ఒకరు చమత్కరించారు. కానీ దేశమంతటికీ అయిదేళ్లకు 4 కోట్లు అంటే ఎంతని?

గ్రాంట్లు ఇస్తామంటే పట్నాల్లో ఉన్న సంస్థలే దరఖాస్తు పెట్టుకుంటాయి. పల్లెల్లో పెట్టుకునేవాళ్లే లేరు. అందుకని 1954లో బోర్డే స్వయంగా సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు ప్రారంభించింది. ఒక్కో ప్రాజెక్టు కింద ఇరవై, పాతిక గ్రామాలు. కేంద్రంలో చిన్నపిల్లలకు బాలవాడి, కాన్పులకు సాయం, ఆడవాళ్లకు అక్షరాలు, కుట్టుపని. నడపడానికి ఒక గ్రామసేవిక, ఒక మంత్రసాని, చేతిపని నేర్పే ఒక ఆమె ఉండాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. చదువుకున్న పట్నం అమ్మాయిలు పల్లెలో ఒంటరిగా ఉండలేరు, వచ్చినా నిలవరు. పల్లెలోనే పుట్టి, ఆ యాసలోనే పిల్లలను ఆడించగల స్త్రీకి శిక్షణలో చేరడానికి కావలసిన చదువు లేదు. నాలుగో, అయిదో చదివి ఆపేసి ఉంటుంది. శిక్షణకు ఎంత డబ్బు పెట్టినా శిక్షణ గుమ్మం దాటి లోపలికి రాగలిగినవాళ్లు లేకపోతే ఆ డబ్బు ఏం చేసుకోవాలి?

అప్పుడు దుర్గాబాయి తన సొంత అనుభవాన్నే బయటికి తీశారు. 1958లో బోర్డు పెద్ద వయసు స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. అంటే కండెన్స్‌డ్ కోర్సులు. ఏళ్ల తరబడి సాగే బడి చదువును సుమారు రెండేళ్లలో చెప్పించి పరీక్షకు కూర్చోబెట్టడం. గ్రాంటు స్వచ్ఛంద సంస్థకు వెళ్లేది. పాఠం చెప్పేవాళ్ల జీతాలూ, చదువుకునే స్త్రీల ఖర్చులూ అందులోంచే. అది పాసైనవాళ్లు గ్రామసేవిక, బాలసేవిక, నర్సు, బడి పంతులమ్మ శిక్షణల్లో చేరవచ్చు. బిడ్డకు చదువు కావాలంటే ముందు బిడ్డకు చెప్పే తల్లికి చదువు కావాలని, ఆ రెండేళ్లూ ఆమె కడుపు చూసే బాధ్యత సర్కారుదేనని ఒప్పుకున్న పథకం అది. మా దృష్టిలో ఆమె చేసిన అన్ని పనుల్లోనూ ఇదే గొప్పది. వ్యాసరచన పోటీల్లో దీనికి మార్కులు రావు, అది వేరే విషయం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గ్రాంటు ఎప్పుడొస్తుందా అని సంస్థలు ఎదురుచూడాలి. పని బాగున్నదీ లేనిదీ నడిపేవాళ్ల మంచితనం మీద ఆధారపడేది. ఇంకొక మాట కూడా చెప్పాలి. సేవిక అన్న పేరు గౌరవంగానే పెట్టారు. కానీ సేవ అన్నాక జీతం అడగకూడదన్న అర్థం కూడా దాని వెంటే వచ్చి కూర్చుంది.

1975 అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలై, అంగన్‌వాడీలు వచ్చాయి. అదే ఏడాది దుర్గాబాయికి పద్మవిభూషణ్ ఇచ్చారు. 1981 మే 9న కన్నుమూశారు.

ఆమె పోయాక అంగన్‌వాడీ ఊరూరా వచ్చింది. సేవిక పేరు కార్యకర్త, టీచర్ అయింది. ఆమె తీసుకునేది మాత్రం గౌరవ వేతనంగానే మిగిలింది. వీరికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో చెప్పవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. మాలో ఇద్దరి తల్లులు ఆయాలు కనుక ఆ రోజులు మాకు లెక్క ప్రకారం గుర్తున్నాయి.

శిక్షణ సంగతీ చూడండి. 2020 జాతీయ విద్యావిధానం ప్రకారం ఇంటర్ పాసైన అంగన్‌వాడీ టీచర్‌కు ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకన్నా తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. అవి టీవీ ద్వారా, ఫోను ద్వారా పని చేసుకుంటూనే చదవాలి. 2023లో కేంద్రం మొదలుపెట్టిన పోషణ్ భీ పఢాయీ భీ కార్యక్రమంలో టీచర్లకు ముఖాముఖి శిక్షణ మూడు రోజులు. మూడు రోజుల్లో ఆటపాటల పేర్లయినా వింటారని సంతోషించాలా? 1958లో చేతిలో పెద్దగా ఏమీ లేని ప్రభుత్వం ఒక పల్లెటూరి స్త్రీకి రెండేళ్లు ఇవ్వగలిగింది.

మాలో ఒకరి ఊళ్లో అంగన్‌వాడీ టీచరమ్మ పదో తరగతితో ఆగిపోయినావిడ. ఏడాది కోర్సు బదులు ఆరు నెలల దాంట్లో చేరవచ్చని ఈ మధ్యే ఓపెన్ స్కూల్లో ఇంటర్‌కు ఫీజు కట్టారు. మేం దాచుకున్న తెలుగు, చరిత్ర, పౌరశాస్త్రం నోట్సులు మొన్న సెలవులకు వెళ్లినప్పుడు ఇచ్చి వచ్చాం. ఇంగ్లీషు ఒక్కటే భయమన్నారు. దానికి ఆదివారాలు ఫోన్లో చెప్పుకుంటున్నాం.