ఆడపడుచుల అండ – శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్

పశ్చిమ ప్రకాశమున పుట్టి పెరిగినవారికి వలస అను మాటకు అర్థము వేరుగా చెప్పనక్కరలేదు. మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములలో వాన మొగము చాటువేసిన ఏడు, పలకల గనులలో పని సన్నగిల్లిన ఏడు, సంసారములు సంసారములే మూటాముల్లె సర్దుకొని రైలెక్కుట మన పెద్దలెరిగిన సంగతియే. పోయినవారిలో అధికులు నాలుగు డబ్బులు వెనకేసుకొని తిరిగి వత్తురు. కాని పని ఇప్పింతుమని, మంచి సంబంధము చూపింతుమని నమ్మబలికి తీసికొనిపోయిన ఆడపిల్ల తిరిగి రానిచో ఆ తల్లిదండ్రుల పాట్లు వర్ణింప శక్యము కాదు. పోలీసు ఠాణా మెట్లెక్కుటకు భయము, ఊరిలో పరువు పోవునను భయము. ఈ రెండు భయముల నడుమ దినములు గడచిపోవును. దినములు గడచినకొలది ఆ పిల్ల జాడ దూరమగుచునే యుండును.

ఇట్టి పిల్లల కొరకు పాటుపడిన మహనీయులలో ఒకరి జీవితమును ఈ సంచికలో చెప్పదలచి మేము ఎన్నుకొన్న పేరు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె మన ప్రాంతమువారు కారు, గోదావరి తీరమువారు. అయినను ఆమె పాటుబడి నిర్మించిన ఏర్పాట్లు మన ఊరి ఠాణా వరకు, మన రైలు స్టేషను వరకు వచ్చి నిలిచినవి. అందుచేత ఆమెను పరాయివారనుటకు మాకు మనసొప్పలేదు.

ఆమె 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించినారు. తండ్రి బెన్నూరి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఎనిమిదవ ఏటనే ఆమెకు పెండ్లి చేసినారు. ఆ కాలమున అది వింత కాదు. వింత ఏమనగా, ఊహ తెలిసిన పిమ్మట ఆ బాలిక ఈ వివాహబంధము నాకు సమ్మతము కాదని స్వయముగా చెప్పి తప్పుకొనుట, తండ్రియు సోదరుడును ఆమె మాటను మన్నించుట. ఈ ముక్కను పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెనని కోరుచున్నాము. ముందు దీనితో పని గలదు.

1921 ఏప్రిల్‌లో గాంధీజీ కాకినాడకు విచ్చేసినప్పుడు దుర్గాబాయికి పండ్రెండేండ్లు నిండలేదు. అప్పటికే ఆ పట్టణములో రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు భోగము మేళములకు వ్యతిరేకముగా చేసిన బోధలు పదిమందికీ తెలిసియున్నవి. చదువుకొన్నవారు మేళములకు పోరాదని చెప్పుట ఒక ఎత్తు. ఆ మేళములలోని స్త్రీల కడకు పోయి మాటలాడుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనికి పూనుకొన్నది ఈ చిన్నపిల్ల. గాంధీజీ దేవదాసీలతోను, ఘోషా విడిచి బయటకు రాని ముస్లిం స్త్రీలతోను ప్రత్యేకముగా కలిసి మాటలాడవలెనని ఆమె పట్టుబట్టినది. నిర్వాహకులు పసిపిల్ల మాట అని తోసివేయజూచి, 5 వేల రూపాయల నిధి తెచ్చినచో కొన్ని నిమిషములు ఇప్పింతుమనినారు. ఆ స్త్రీలే ఆ సొమ్మును కూడబెట్టి ఇచ్చినారు. ఒక పాఠశాల ఆవరణలో సభ జరిగినది. కొన్ని నిమిషములనుకొన్న సభ చాల సేపు సాగినది. గాజులు, గొలుసులు ఒలిచి గాంధీజీ ముందుంచినవారెందరో. ఆ తరువాత పురమందిరమున జరిగిన పెద్ద సభలో కొండా వెంకటప్పయ్య పంతులు గారు అనువాదకులుగా ఉండగా, గాంధీజీ ఆయనను కాదని ఆ బాలికచేతనే తన హిందీ ప్రసంగమును తెలుగు చేయించినారు.

దేవదాసీ వృత్తియని పైకి పవిత్రముగా పిలిచిన ఆ వ్యవస్థలోనికి పసిపిల్లలు ఎట్లు వచ్చెడివారో మన విద్యార్థులకు తెలియవలెను. కడుపున పుట్టిన బిడ్డలే గాక, కరువు కాలమున పేదల వద్ద కొనితెచ్చుకొన్న బిడ్డలును, దత్తత పేర తెచ్చుకొన్న బిడ్డలును ఉండెడివారు. మైనరు పిల్లలను వ్యభిచారమునకై అమ్ముట, కొనుట నేరములని 1860 నాటి శిక్షాస్మృతి 372, 373 సెక్షన్లలో వ్రాసియే యుండెను. వ్రాసి యుండుట వేరు, ఒక పిల్ల తరఫున ఫిర్యాదు చేయువారుండుట వేరు. మద్రాసు రాష్ట్రమున దేవాలయములకు బాలికలను సమర్పించుటను పూర్తిగా నిషేధించిన శాసనము 1947లో గాని రాలేదు. దానికొరకు డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు రెండు దశాబ్దములు శ్రమించినారు.

1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు మహాసభ మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన జరిగినది. అప్పుడు ఖాదీ ప్రదర్శనశాల ద్వారము వద్ద స్వచ్ఛంద సేవికగా నిలిచిన దుర్గాబాయి, టిక్కెట్టు లేనందున జవహర్‌లాల్ నెహ్రూ గారినే లోనికి పోనీయని కథ అందరెరిగినదే గనుక విస్తరింపము.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చినది. మద్రాసులో, మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారితోను, నాగేశ్వరరావు పంతులు గారితోను ఆమె ఆ పోరాటమున పాల్గొని, వారు నిర్బంధములో ఉండగా తాను ముందు నిలిచినారు. మూడు పర్యాయములు కారాగారము అనుభవించినారు. మధుర జైలులోని ఏకాంతవాసము ఆమె ఆరోగ్యమును క్రుంగదీసినది. అయితే ఆమె జీవితమును మలుపు త్రిప్పినది ఆ కష్టము కాదు, వేలూరు జైలులో ఆమె చూచిన ఆడ ఖైదీలు. తమ నేరమేమో, తమపై చదివిన అభియోగమేమో ఎరుగక తలయూపి శిక్షలనుభవించుచున్నవారు వారిలో పలువురు. వారి తరఫున మాటలాడిన వకీలు లేడు, అడుగవచ్చిన బంధువు లేడు. ఇట్టివారికొరకు న్యాయశాస్త్రము చదువవలెనని ఆమె అక్కడనే నిశ్చయించుకొన్నారు.

నిశ్చయించుకొన్నంత తేలిక కాలేదు చదువు. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను ఇంట చదివి ఉత్తీర్ణులైనారు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున చేరబోగా ఆడపిల్లలకు వసతిగృహము లేదనినారు. అప్పుడామె పత్రికలో ప్రకటన వేయించి, చదువగోరు బాలికలను సమకూర్చుకొని, వసతి ఏర్పడునట్లు చేసినారు. మన కళాశాలలో వసతి చాలదని వెనుకకు మరలు బాలికల తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతి చదివి వినిపింపవలసినదని మా మనవి. 1942లో ఆమె మద్రాసులో న్యాయవాదిగా నమోదైనారు. అంతకు ముందే, 1937లో, మద్రాసు మైలాపూరులో ఆంధ్ర మహిళాసభకు పునాది వేసినారు. చదువు మధ్యలో ఆగినవారికి, భర్త విడిచిన వారికి, వితంతువులకు అక్కడ చదువును, చేతిపనియును నేర్పినారు. ఆమె మాజీ భర్త మరణించిన పిమ్మట, ఆయన రెండవ భార్యకు సైతము ఆమెయే అండగా నిలిచి ఒక వృత్తి నేర్పించినారు. సవతి అను మాటకు మన సామెతలలో ఉన్న అర్థమెరిగినవారికి ఈ పని విలువ వేరుగా చెప్పవలెనా?

రాజ్యాంగ పరిషత్తులో అధ్యక్షుల పట్టికలో ఉన్న ఏకైక మహిళ ఆమె. మనుష్యులను క్రయవిక్రయము చేయుటను, వెట్టిచాకిరిని నిషేధించిన 23వ అధికరణము ఆ పరిషత్తు ఆమోదించినదే. భాషా చర్చలో ఆమె హిందీ ఉర్దూల మేళవింపైన హిందుస్తానీ పక్షమున మాటలాడినారు. తెలుగును ఉర్దూను ఒకే అట్టల నడుమ చదువుకొను మన పత్రిక పాఠకులకు ఇది ప్రీతికరము కాకపోదు.

ఇప్పుడు దేశవిభజన నాటి సంగతి చెప్పవలెను. 1947లో అపహరింపబడిన స్త్రీల సంఖ్య వేలకొలదిగా ఉన్నది. ఇక్కడ 50 వేలమంది ముస్లిం స్త్రీలు, అక్కడ 33 వేలమంది హిందూ, సిక్కు స్త్రీలు ఉందురని అంచనా వేసినారు. వారిని వెదకుటకు ఇరు దేశములు ఒప్పందము చేసికొనగా, ఆ పని భారము చాలవరకు స్వచ్ఛంద సేవికల భుజములపై పడినది. మృదులా సారాభాయి, రామేశ్వరీ నెహ్రూ, బేగం అనీస్ కిద్వాయీ వంటివారు శిబిరము నుండి శిబిరమునకు, పల్లె నుండి పల్లెకు తిరిగినారు. అల్లరులలో భర్తను కోల్పోయిన అనీస్ కిద్వాయీ గారు ఢిల్లీ శిబిరములలో సేవచేసి, ఆ అనుభవమును ఆజాదీ కీ ఛావోఁ మేఁ అను గ్రంథముగా ఉర్దూలో వ్రాసినారు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులు తప్పక చదువదగినది. సుమారు ఎనిమిదేండ్లలో ఇరుదేశములలో కలిపి దాదాపు 30 వేలమందిని వెదకి తెచ్చినారు.

1949 డిసెంబరులో ఇందుకై భారత ప్రభుత్వము శాసనము తెచ్చినప్పుడు చర్చ తీవ్రముగా జరిగినది. ఆ శాసనము ప్రకారము పదునారేండ్ల లోపు బాలురను, ఏ వయసు స్త్రీలనైనను, అపహృతులని తోచినచో తీసికొనిపోవచ్చును. పోవుట నాకిష్టము లేదని ఒక స్త్రీ చెప్పినను ఆ మాటకు విలువ లేదు. దుర్గాబాయి గారు శాసనమును బలపరచినారు. బలాత్కారపు నీడలో ఉన్న స్త్రీ చెప్పు అంగీకారము నిజమైన అంగీకారము కాజాలదని ఆమె వాదము. ఆ వాదములో బలమున్నది. దొంగ ఇంట నిలిచి దొంగను మెచ్చుకొనుట భయము వలన కావచ్చును. అయితే కొందరు స్త్రీలు అప్పటికే బిడ్డల తల్లులై, మరల వేరొక సంసారమును విడువలేక ఏడ్చినారు. తిరిగి పోయినచో పుట్టింటివారు గడప తొక్కనీయరని భయపడినవారును ఉన్నారు. బాల్యవివాహమునుండి తన ఇష్టము చెప్పి బయటపడిన స్త్రీ, ఇతర స్త్రీల ఇష్టమును అడుగనక్కరలేదన్న శాసనమును సమర్థించుట మాకు సులభముగా మింగుడుపడని విషయము. మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు ఇట్టివి దాచి వ్రాయుట మా అభిమతము కాదు.

1952 ఎన్నికలలో ఆమె పార్లమెంటునకు ఎన్నిక కాలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలైనారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడినారు. అదే సంవత్సరము ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి తొలి అధ్యక్షులైనారు. సేవ చేయుటకు ఊరూర మనుషులున్నారు, వారి చేతిలో డబ్బు లేదు. ప్రభుత్వమునకు డబ్బున్నది, ఊరూర మనుషులు లేరు. ఈ రెండింటిని కలుపుటయే ఆ మండలి పని. మొదటి ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు స్వచ్ఛంద సంస్థలకు సాయముగా కేటాయించినారు. ఉద్యోగులచేత కాని పనిని ఊరివారిచేత చేయించవచ్చునను నమ్మకము ఆమెకు కాకినాడ నాటినుండియే కలదు.

1954లో ఆ మండలి రెండు సలహా సంఘములను నియమించినది. ఒకటి శ్రీమతి ధన్వంతీ రామారావు గారి అధ్యక్షతన, స్త్రీల అక్రమ వ్యాపారమును పరిశీలించుటకు. రెండవది ఆచార్య ఎం.ఎస్. గోరే గారి అధ్యక్షతన, విడిపించి తెచ్చినవారిని, సంస్థలనుండి వెలుపలికి వచ్చినవారిని తరువాత ఏమి చేయవలెనో చెప్పుటకు. ఈ రెండవ సంఘమును వేయుటలోనే దుర్గాబాయి గారి దూరదృష్టి కానవచ్చుచున్నదని మా అభిప్రాయము. పట్టి తెచ్చుట ఒక్క రాత్రి పని. తెచ్చిన పిల్లకు కూడు, గుడ్డ, చదువు, వృత్తి, ఊరిలో తలెత్తుకొని తిరుగు ధైర్యము కల్పించుట ఏండ్ల పని. అది జరుగనిచో ఆ పిల్ల మరల ఆ దళారి చేతికే చిక్కును.

మనుష్యుల అక్రమ రవాణాను అణచుటకు ఏర్పడిన ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారతదేశము 1950 మే 9న సంతకము చేసియున్నది. దానిని అనుసరించి 1956లో స్త్రీల, బాలికల అక్రమ వ్యాపార నిరోధక శాసనము వచ్చి, 1958 మే 1 నుండి అమలైనది. ఆ శాసనములో స్వచ్ఛంద సేవకులకు స్థానము కలదు. ప్రత్యేక పోలీసు అధికారికి సలహా చెప్పుటకు సాంఘిక కార్యకర్తలతో ఐదుగురికి మించని అనధికార సంఘము ఉండవచ్చును. వారంటు లేకుండ ఇల్లు సోదా చేయునప్పుడు ఆ ప్రాంతపు పెద్దమనుషులు ఇద్దరైనను ఉండవలెను, వారిలో ఒకరైనను స్త్రీ కావలెను. లోపములును లేకపోలేదు. విడిపింపబడిన స్త్రీలనే దోషులవలె చూచిన సందర్భములు అనేకము, రక్షణగృహములు చెరసాలలవలె ఉన్నవను విమర్శలు అనేకము. 1986లో శాసనమును సవరించి, పేరు మార్చి, సోదాలో ఇద్దరు మహిళా పోలీసులుండవలెనని చేర్చినారు. తప్పిపోయిన బిడ్డ గురించి ఫిర్యాదు వచ్చిన వెంటనే కేసు నమోదు చేయవలెనని, అపహరణమో అక్రమ రవాణాయో జరిగియుండునని భావించి దర్యాప్తు చేయవలెనని సుప్రీంకోర్టు 2013లో ఆదేశించినది. కనుక ఒక రోజు చూచి రండని మన ఠాణాలో ఎవరైనను చెప్పినచో అది చట్టసమ్మతము కాదు. పిల్లల కొరకు 1098 అను ఫోను నంబరు దేశమంతటను గలదు. మార్కాపురం రోడ్డు, కంభము, గిద్దలూరు స్టేషన్లలో ఒంటరిగా తిరుగు పిల్లను చూచిన విద్యార్థి చేయదగిన మొదటి పని ఆ నంబరునకు తెలుపుట.

దుర్గాబాయి గారు 1958లో జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు అధ్యక్షులుగా పనిచేసినారు. ఆ ఏటనే సంక్షేమ మండలి ద్వారా, బడి మానిన వయోజన స్త్రీలు తక్కువ కాలములో పరీక్షలకు కూర్చుండుటకు సంక్షిప్త విద్యా తరగతులు మొదలైనవి. మహిళాసభ హైదరాబాదునకు విస్తరించి కళాశాలలు, వైద్యశాల, అక్షరాస్యతా కేంద్రము నెలకొల్పినది. 1975లో భారత ప్రభుత్వము ఆమెకు పద్మవిభూషణ్ బిరుదమిచ్చినది. 1981 మే 9న ఆమె పరమపదించినారు. మరుసటి సంవత్సరము చింతామణి దేశ్‌ముఖ్ గారును ఆమెను అనుసరించినారు.