రోన్ కొండల పెద్దదిక్కు - ఆస్కర్ ఉర్సినుస్

జర్మనీ దేశపు నడుమ రోన్ అనే పర్వతపంక్తి ఉన్నది. అందులో అన్నిటికంటె ఎత్తయినది వాసర్‌కుప్పె, 950 మీటర్లు. చెట్టూ చేమా అంతగా లేని పచ్చిక కొండ. గాలికి అక్కడ కొదవలేదు. ఆ కొండ నెత్తిన ఇంజను లేని విమానాలకొక లోకాన్నే నిర్మించిన వ్యక్తి ఆస్కర్ ఉర్సినుస్. అతనిని జర్మనులు రోన్ తండ్రి అని పిలుచుకున్నారు.

ఉర్సినుస్ 1877 మార్చిలో వైసెన్‌ఫెల్స్ పట్టణంలో జన్మించాడు. ఇంజనీరుగా శిక్షణ పొంది ఫ్రాంక్‌ఫర్టులో స్థిరపడి, 1908లో ఫ్లుగ్‌స్పోర్ట్ అనే వైమానిక పత్రికను నెలకొల్పాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఒక బాంబరు విమానాన్ని కూడా రూపొందించాడు గాని, అతని కీర్తి దానివల్ల నిలిచినది కాదు.

1909లో ఫ్రాంక్‌ఫర్టులో జరిగిన వైమానిక ప్రదర్శన చూచి, సమీపంలోని డార్మ్‌స్టాట్ విద్యార్థులు కొందరు తామే గ్లైడర్లు కట్టబూనారు. 1911లో వాసర్‌కుప్పెకు చేరుకున్నారు. మరుసటి ఏడు వారిలో గుటర్‌ముత్ అనే యువకుడు 838 మీటర్లు ఎగిరాడు. అంతలో యుద్ధం వచ్చి ఆ సంఘాన్ని మింగివేసింది.

1919 నాటి వర్సాయి సంధి జర్మనీ విమాన నిర్మాణాన్ని కట్టివేసింది. ఇంజను లేని గ్లైడరుకు మాత్రం ఆ నిర్బంధం వర్తించలేదు. ఉర్సినుస్ ఈ సందును కనిపెట్టి, 1920 వేసవిలో వాసర్‌కుప్పెపై పోటీ జరుపుదామని తన పత్రిక ద్వారా పిలుపునిచ్చాడు. వచ్చినవారు కొద్దిమంది, చేతిలో డబ్బులేనివారే ఎక్కువ. ఆగస్టు 9న ఫాన్ లోస్ల్ అనే పోటీదారు కూలి మరణించాడు. సంబరం అంతటితో ముగిసిందనే అనుకోవచ్చు. కాని సెప్టెంబరు 4న ఆఖెన్ నుంచి వచ్చిన క్లెంపెరర్ 1830 మీటర్లు ఎగిరి, 2 నిమిషాల 22 సెకండ్లు గాలిలో నిలిచాడు. పోటీ బ్రతికింది.

అటుపిమ్మట ఏటేటా పోటీలు. 1922 ఆగస్టులో హానోఫర్ విద్యార్థులు కట్టిన వాంపిర్ అనే గ్లైడరుపై మార్టెన్స్ ఒక గంటకు పైగా ఎగిరాడు. వారం తిరగకమునుపే అదే గ్లైడరుపై హెంట్‌జెన్ మూడు గంటలు దాటించాడు. రెండేళ్ళ కిందట నిమిషాలతో లెక్కించిన చోట ఇప్పుడు గంటలు!

కేవలం నిపుణులతో సంఘం నిలువదు గదా. కొత్తవారికి అందుబాటులో చవుక వాహనం కావలె. 1926లో వెలువడిన సోగ్లింగ్ అనే నేర్పుడు గ్లైడరు ఆ కొరత తీర్చింది. కుర్రవాళ్ళు దానిని స్వయంగా కట్టుకోగలిగేవారు. ఆ రోజుల్లో గ్లైడరును కొండ అంచునుండి రబ్బరు త్రాటితో లాగి వదలేవారు. ఒకడు ఎగరాలంటే ఇరుప్రక్కల అనేకమంది త్రాడు లాగాలి. ఒంటరివాడు ఎగురలేడు. ఉపాధ్యాయులకు ఈ సంగతి ప్రత్యేకంగా నచ్చవచ్చు: తన వంతు కోసం వేచి ఉన్నవాడు కూడా అక్కడ పనిలేక కూర్చోడు.

1933లో నాజీలు అధికారానికి వచ్చిన తరువాత స్వతంత్ర సంఘాలు రాజ్యపు అదుపులోకి పోయినవి. 1937లో వాటి స్థానంలో ఒకే నాజీ వైమానిక దళం ఏర్పడింది. యువకులకు లోటులేదు, కాని గ్లైడింగు సైనిక శిక్షణకు తొలిమెట్టుగా మారింది. ఉర్సినుస్ తన పత్రికను 1944 వరకు నడిపాడు. ఆ కాలంలో ఆ ప్రచురణ ఎవరికి ఎంత ఉపకరించినదో చరిత్రకారుడు అడుగక తప్పదు. ఉర్సినుస్ ఆసక్తి మాత్రం ఇంకొక వైపు కూడా మళ్ళింది. మనిషి తన కండబలంతోనే ఎగురగలడా అని పరిశోధించే సంస్థను 1935లో ఫ్రాంక్‌ఫర్టులో ప్రారంభించాడు.

రెండవ యుద్ధం ముగిశాక జర్మనీలో గ్లైడింగు నిషిద్ధమైంది. 1951లో ఆ నిషేధం తొలగింది. ఆ మరుసటి యేడు జూలై 6న ఉర్సినుస్ కన్నుమూశాడు. వాసర్‌కుప్పె వాలులో గ్లైడర్లతోపాటు ఇప్పుడు రేడియోతో నడిపే చిన్న నమూనా గ్లైడర్లూ ఎగురుతున్నవి.