ఉడ్‌స్టాక్ కన్నా ముందే: సుద్దాల హనుమంతు

హిప్పీలు అనగానే మనకి పొడుగు జుట్టు, పూల చొక్కా, చేతిలో గిటార్ గుర్తొస్తాయి. 1969 ఆగస్టులో అమెరికాలో ఉడ్‌స్టాక్ పేరుతో జరిగిన పాటల జాతరకి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. వియత్నాం యుద్ధం మాకొద్దు అన్న ఆ తరం పాప్ మ్యూజిక్‌ని మొత్తం మార్చేసింది. కానీ ఆ పాటల వేరు ఇంకా వెనక ఉంది. వుడీ గుత్రీ అనే ఆయన 1930లలోనే పొలం కూలీల మధ్య తిరుగుతూ, అందరికీ తెలిసిన పాత బాణీల్లో కొత్త మాటలు పెట్టి పాడాడు. 1961లో బాబ్ డిలాన్ ఆయన్ని వెతుక్కుంటూ ఆస్పత్రి దాకా వెళ్లాడు.

సరిగ్గా అలాంటి పని చేసిన మనిషి మన పాత నల్గొండ జిల్లాలో ఉన్నాడు. ఆయనే సుద్దాల హనుమంతు.

హనుమంతు పుట్టింది మోత్కూరు దగ్గర పాలడుగులో, ఒక పేద చేనేత కుటుంబంలో. తర్వాత స్థిరపడిన ఊరు సుద్దాల, అదే ఇంటిపేరైపోయింది. కొన్నాళ్లు హైదరాబాద్‌లో చిన్న సర్కారు ఉద్యోగం చేశారు. అక్కడ ఆర్యసమాజం గాలి సోకింది, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ. ఉద్యోగం వదిలేసి ఊళ్ల మీద పడ్డారు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షుడిగా మహాసభ జరిగినప్పటి నుంచి అది రైతుల సంఘం అయిపోయింది. రెండేళ్లకు కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తర్వాత కథ మనకి తెలిసిందే.

అసలు పాట ఎందుకు అంత ముఖ్యం అయింది? నిజాం రాజ్యంలో ఆఫీసు భాష ఉర్దూ. ఊళ్లల్ల తెలుగు చదవగలిగినవాళ్లు చాలా తక్కువ. కరపత్రం పంచితే చదివేదెవరు? పాట అయితే ఒకసారి వింటే చాలు, పొలం దాకా వెళ్తది. కాగితం దొరికితే పోలీసులు పట్టుకుంటారు, నోట్లో ఉన్న పాటని ఎలా పట్టుకుంటారు?

హనుమంతు తెలివి ఏంటంటే కొత్త బాణీ కోసం వెతకలేదు. గొల్లసుద్దులు తీసుకున్నారు. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, ఒకరు కథ చెప్తుంటే పక్కవాళ్లు వంత పాడుతూ జోకులేస్తుంటారు. జనానికి అది ముందే అలవాటు. ఆ వేషంలోనే దొర గురించి, వెట్టి గురించి చెప్పారు. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ సోర్స్ కోడ్‌ని ఫోర్క్ చేసినట్టు.

ఆయన పాటల్లో అందరికీ తెలిసింది పల్లెటూరి పిల్లగాడా. మనకి జీతం అంటే ప్యాకేజీ. మా కేతేపల్లి పెద్దోళ్లు జీతం ఉండుడు అంటే వేరే అర్థం: ఏడాదికి ఇన్ని గింజలని మాట్లాడుకుని, ఒక పిల్లోణ్ణి దొర పసుల వెంట పంపుడు. ఆ పాట ఆ పిల్లోడి గురించే. అందులో నినాదం లేదు, దొరని తిట్టడం కూడా పెద్దగా లేదు. చింపిరి అంగీ, చలి, కొలతలో తక్కువైన గింజలు, ఇవన్నీ పిల్లగాణ్ణి ప్రేమగా అడుగుతూ పోతుంది. వినేవాళ్లకి కోపం దానంతట అదే వస్తది. నాకైతే చాలా ప్రొటెస్ట్ సాంగ్స్ కన్నా ఇదే గట్టిగా అనిపిస్తుంది. హిప్పీ కుర్రాళ్లలో చాలామంది సౌకర్యంగా ఉన్న ఇల్లు వదిలి వచ్చారు. ఈ పిల్లగాడికి వదిలిపెట్టడానికి కూడా ఏమీ లేదు.

సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగిపోయింది. పాట ఆగలేదు. గౌతమ్ ఘోష్ డైరెక్షన్‌లో, బి. నర్సింగరావు నిర్మాతగా 1979లో తీసిన మా భూమి సినిమాలో దాన్ని వాడారు. అప్పటిదాకా వినని పట్నం వాళ్లు కూడా విన్నారు. అదే సినిమాలో గద్దర్ పాడిన బండెనక బండి కట్టి ఇంకా పెద్ద హిట్. కానీ ఇక్కడే నాకు బాధనిపించే విషయం ఉంది. బండెనక బండి గద్దర్ రాసిందే అనుకునేవాళ్లు ఎంతమందో, బండి యాదగిరి పేరు ఎవరికీ గుర్తురాదు. పల్లెటూరి పిల్లగాడాకి కూడా అదే గతి, సినిమా పాట అనేస్తారు. గుత్రీ గొంతు రికార్డుల్లో ఉంది, డిలాన్‌కి 2016లో నోబెల్ వచ్చింది. హనుమంతు పాటకి జనం నోరే రికార్డు. నోటికి పాట గుర్తుంటది గానీ రాసినాయన పేరు గుర్తుండదు.

హనుమంతు 1982 అక్టోబరు 10న క్యాన్సర్‌తో పోయారు. ఆయన భార్య జానకమ్మ కూడా పోరాటంలో పనిచేసిన మనిషే. కొడుకు అశోక్‌తేజ సినిమా పాటల వైపు వచ్చి, ఠాగూర్‌లో పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. తండ్రి పాట పసుల వెంట నడిచింది, కొడుకు పాట థియేటర్లో మోగింది. రెండోది మనందరికీ నోటికొచ్చు. మొదటిది మీ హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి పెట్టుకుని, ఆ పిల్లగాణ్ణి ఎన్ని ప్రశ్నలు అడిగారో లెక్కపెట్టండి.