మహావీరాచార్యులు – షడశ్ర గణితము

రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడు సుమారు 814 నుండి 878 వరకు మాన్యఖేటము రాజధానిగా పాలించెను. అది నేటి కలబురగి జిల్లాలోని మళఖేడము. ఆ కాలమున కన్నడదేశమున వెలసిన జైన గణితజ్ఞులు మహావీరాచార్యులు. 850 ప్రాంతమున వారు గణితసారసంగ్రహమును రచించి, ఆరంభమున వర్ధమానస్వామికి నమస్కరించి, నృపతుంగుని కొనియాడిరి.

అంతకుముందు ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు గణితమును జ్యోతిశ్శాస్త్రములో ఒక భాగముగ చెప్పిరి. ఆచార్యులు గ్రంథమంతయు గణితమునకే కేటాయించిరి. వడ్డీ లెక్కలు, త్రైరాశికము, వేర్వేరు వన్నెల బంగారమును కలిపి కరగించినపుడు వచ్చు వన్నె – వర్తకులు నిత్యము చేయు లెక్కలన్నియు అందు గలవు.

క్షేత్రగణితమున ఆరు భుజములును ఆరు కోణములును సమానమైన షడశ్రమును గూర్చి వారు మూడు సంగతులు చెప్పిరి. ఎదురెదురు మూలలను కలుపు కర్ణము భుజమునకు రెట్టింపు. ఎదురెదురు భుజముల నడుమ లంబముయొక్క వర్గము భుజవర్గమునకు మూడురెట్లు. ఈ రెండును నిక్కములు. నడిమి బిందువునుండి మూలలకు గీతలు గీచినచో ఆరు సమబాహు త్రిభుజములేర్పడును గనుక ఎవరైనను పలకమీద సరిచూచుకొనవచ్చును.

మూడవది వైశాల్యము. భుజవర్గమును మరల వర్గించి మూడింట గుణించిన వైశాల్యవర్గము వచ్చునని సూత్రము. ఇచ్చట లెక్క తప్పినది. భుజము 10 అడుగులైనచో సూత్రముచే సుమారు 173 చదరపు అడుగులు వచ్చును. నిజమునకు సుమారు 260. సరిగా మూడవవంతు లోపము. 173 అనునది షడశ్రము నడుమనున్న దీర్ఘచతురస్రము మాత్రమే; ఇరుప్రక్కల రెండు త్రిభుజములు విడువబడినవి. గచ్చు కొలిచి కూలి కట్టువానికి ఇది చిన్న నష్టమా? భక్తిచే దీనిని కప్పిపుచ్చుట ఆచార్యులకు గౌరవము గాదు.

వింత యేమనగా, అదే అధ్యాయమున వారిచ్చిన ముతక లెక్క ఇంతకంటె మేలు. చుట్టుకొలతలో సగము 30. దాని వర్గము 900. అందు మూడవవంతు 300. దానిని భుజసంఖ్య ఆరుచే భాగించి, ఒకటి తక్కువగ ఐదుచే గుణించిన 250 వచ్చును. నిజమునకు ఇంచుమించు 10 మాత్రమే తక్కువ.

అయితే ఈ లెక్క చుట్టుకొలతనే నమ్ముకొన్నది. మూడు భుజములు తెలిసిన త్రిభుజము కదలదు. షడశ్రమట్లు గాదు. సమానమైన ఆరు వెదురుబద్దలను కొసలవద్ద కట్టి మూలలు నొక్కినచో చుట్టుకొలత మారకయే లోపలి చోటు తరిగిపోవును. భుజములు సమానమే, షడశ్రము మాత్రము విషమము. భుజములనుబట్టి త్రిభుజవైశాల్యమును కనుగొను సూక్ష్మసూత్రమును ఆచార్యులే చెప్పియున్నారు. వంకర స్థలమును నాలుగు త్రిభుజములుగ విభజించి, కర్ణములను గూడ కొలిచినవానికి అది చాలును.

11వ శతాబ్దమున పావులూరి మల్లన ఈ గ్రంథమును తెనిగించెను. జైనపరములైన ఉదాహరణములను తీసి శైవపరములైనవి చేర్చెను. లెక్కలు మాత్రము నిలిచినవి. రెండు భాషలును ఇంటింట వినబడు మండికల్, బాగేపల్లి, చింతామణి ప్రాంతములవారికి, కన్నడదేశపు గ్రంథము తెలుగులోనికి వచ్చుట క్రొత్తగ తోచదు. సంస్కృతమూలమును 1912లో మద్రాసున ఎం. రంగాచార్యులు ఆంగ్లానువాదముతో అచ్చువేయించిరి.