ఆయ్దక్కి లక్కమ్మ: తోడునీడయైన మాట

12వ శతాబ్దిలో కళ్యాణ పట్టణమున బసవేశ్వరుని చుట్టును చేరిన శరణులలో పండితులు కలరు, అధికారులు కలరు. పడవ నడుపువారును, కట్టెలు మోయువారును కలరు. వారి నడుమ నేలరాలిన బియ్యము ఏరుకొని జీవించిన దంపతులు మారయ్య, లక్కమ్మ. కన్నడమున ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. చేయు పనియే వారి పేరునకు ముందు నిలిచినది.

వీరి స్వస్థలము నేటి రాయచూరు జిల్లా లింగసుగూరు ప్రాంతమందలి అమరేశ్వరము. బసవేశ్వరుని మహిమ విని కళ్యాణమునకు వచ్చిరి. బిజ్జలుని కొలువున భాండారియైన బసవేశ్వరుని గృహమున నిత్యము జంగమ దాసోహము జరుగుచుండెడిది. ఆ ముంగిట రాలిన గింజలను మారయ్య ఏరి తెచ్చును. లక్కమ్మ వానిని చెరిగి, వండి, లింగజంగమములకు అర్పించి, మిగిలినది ప్రసాదముగా వడ్డించును. తెచ్చుట ఒకరి వంతు, వండుట మరియొకరి వంతు. ఇట్టి సంసారమున ఇరువురికి మాట పొసగనిచో కాయకము సాగదు.

ఒకనాడు మారయ్య అల్లమ ప్రభువు సన్నిధిని శివానుభవ గోష్ఠిలో కూర్చుండి పొద్దెరుగక పోయెను. మహనీయుల నడుమ నున్న భర్తను లేపుట ఏ యిల్లాలికైనను సంకోచము కలిగించునదే. అయినను లక్కమ్మ పోయి కాయకపు వేళ మించుచున్నదని గుర్తుచేసెను. మారయ్య కినుక వహింపలేదు. వెంటనే లేచి పనికి పోయెను. చెప్పిన ఆమెది ఎంత పెద్ద మనసో, విన్న ఆయనదియు అంత పెద్ద మనసు.

ఆ దంపతుల పేదరికమునకు జాలిపడి బసవేశ్వరుడు నాడు గింజలు ఎక్కువగా రాలునట్లు చేసెనని సంప్రదాయము చెప్పుచున్నది. మారయ్య వానినన్నిటిని మూటగట్టి తెచ్చెను. లక్కమ్మ మూట బరువు చూచినది. దొంగతనమని నిందింపలేదు; ఇరుగుపొరుగు వినునట్లు కేకలు వేయలేదు. ఇది మన నిత్యపు కొలతకు మించినది గదా, ఈ యాశ మనకేల యని అడిగినది. అవసరమైనంత ఉంచుకొని తక్కినది తెచ్చిన చోటనే పోసి రమ్మన్నది. మారయ్య మారు పలుకక మూట భుజమున నెత్తుకొని మరలి పోయెను. ఇచ్చినవాడు బసవేశ్వరుడే యైనను, కాయకమునకు మించినది ఆమెకు అక్కరలేకపోయెను.

ఆపై ఆమె ఆ కొద్ది బియ్యముతోనే బసవాది శరణుల నందరిని విందునకు పిలిచి తృప్తిపరచినదని శరణ కథలు వర్ణించుచున్నవి. 15వ శతాబ్దిలో కూర్పబడిన శూన్యసంపాదనె యను గ్రంథమున ఈ దంపతుల కథకు ప్రత్యేక స్థానము లభించినది. కాయకమునందే కైలాసము కలదను భావము మారయ్య వచనములలో కానవచ్చును. ఆ భావమును ఆయన మరచిన దినమున జ్ఞాపకము చేసినది ఆయన ఇల్లాలే.

లక్కమ్మ పేర నేడు 25 వచనములు లభించుచున్నవి. వాని ముద్రలో ఆమె తన యిష్టదైవమైన అమరేశ్వరలింగమును మారయ్యకు ప్రియమైనవానిగా పేర్కొనినది. భర్తను సరిదిద్దిన ఆ నోరే ప్రతి వచనమున భర్త పేరును గౌరవముతో తలచినది. తప్పు చూపుటకును, మన్నన నిలుపుటకును వైరము లేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

విశాఖపట్టణమున మద్దిలపాలెము వంటి పేటలలో నివసించుచు బస్సు డిపోకు, ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు పనికి పోవు కుటుంబములకు ఈ కథ దూరపుది కాదు. షిఫ్టు మారు వేళ తరువాతి వానికి యంత్రపు స్థితి తెలుపుట, తోటివాని పొరపాటును నలుగురిలో గాక చాటున చెప్పుట, ఇంటికి వచ్చిన అదనపు సొమ్ము ఎక్కడిదని మెత్తగా అడుగుట, ఇవన్నియు లక్కమ్మ మార్గములే. పొగడ్త ఒక్కటే తోడ్పాటు కాదు. వేళకు చెప్పిన మంచిమాట తోడ్పాటు. దానిని అలుగక వినుటయు తోడ్పాటే. ఆ రెండును కలిసిన యింట ఏరిన బియ్యమైనను ప్రసాదమగును.